టైలరు కుట్టిన స్పీకరు

టైలరు బాబాయి అబద్ధమాడతాడని ఆ వీధిలో ఎవరూ అనరు. "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా" అనే మాటను లెక్కలోకి తీసుకోకపోతే, ఆయన నోట అబద్ధం విన్నవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటా టైలర్లందరికీ మాఫీ.

చిరుగుల విషయంలోనైతే ఆయన మాటకు తిరుగే లేదు. ఎవరైనా ప్యాంటు పట్టుకొచ్చి "ఇదెలా చిరిగిందో తెలీదు బాబాయ్" అంటే, ఆయన ఆ చోటును వెలుతురుకు ఎత్తి చూసి, "సైకిలు చైనులో పడింది" అనో, "మేకు పట్టుకుంది, నువ్వు విసుగ్గా లాగావు" అనో చెప్పేసేవాడు. ఒకసారి ఎదురింటాయన కొత్త చొక్కా చూసి, "ఇది చిరగలేదండీ, ఎవరో చింపారు" అన్నాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు రెండు రోజులు మాటల్లేవు. ఆయన సొంత ఇంట్లో అన్నిటా భార్యదే పైచేయి. అయినా, చిరుగు దగ్గరికొచ్చేసరికి ఆయన చెప్పిందే ఖాయం.

ఆ శనివారం మధ్యాహ్నం కూతురు స్కూలు స్పీకరును చంకనెత్తుకుని వచ్చింది. పక్క వీధిలోని చిన్నపిల్లల బడిలో ఆమెకు ఉద్యోగమొచ్చి మూడు వారాలే అయింది. వచ్చే శనివారం పిల్లల తల్లిదండ్రులు వస్తారు. వాళ్ళ ముందు నలభై మంది పిల్లల చేత పాటకు తగ్గట్టు గెంతించే పని కొత్త టీచరు మీద పడింది. పాటలు ఇంట్లో ఒకటికి పదిసార్లు పెట్టుకుని అడుగులు సరిచూసుకుందామని ఆమె ఆలోచన. మోకాలెత్తు చెక్కపెట్టె అది. ముందుండాల్సిన జాలీ ఏనాడో ఊడిపోయింది. లోపలి నల్లటి కాగితపు గిన్నె బోసిగా కనబడుతోంది.

"జాగ్రత్త నాన్నా, ఇది నాది కాదు. పెద్దమేడం నన్ను నమ్మి పంపారు" అంటూ కత్తిరింపుల బల్ల చివర దాన్ని పెట్టి స్నానానికి వెళ్ళింది.

ముందు గదే వాళ్ళకు దుకాణం. ఒకటే కిటికీ, ఒకటే బల్ల. టైలరు ఆ పూట ఒక కోటుకు గుడ్డ పరచాలి. చోటు చాలలేదు. స్పీకరును నేల మీదికి దించుదామంటే నడుము నొప్పి. అందుకని దాన్ని బల్ల చివరనున్న స్టూలు మీదికి జరిపి వెల్లకిలా పడుకోబెట్టి, బల్ల నిండా గుడ్డ పరిచాడు. కత్తిరించాడు. పెద్ద కత్తెర గుడ్డ మీదే పెట్టి, సుద్దముక్క అందుకుని, అంచు తిన్నగా రావడం లేదని గుడ్డను తన వైపు లాగాడు. గుడ్డతో పాటు కత్తెరా కదిలింది. బల్ల చివర ఒక్క క్షణం ఊగి, ముక్కు కిందకు పెట్టి స్పీకరు మీద పడింది.

పెద్ద చప్పుడేం కాలేదు. కవరులో వేలు దూరినట్టు ఫట్ మంది, అంతే. కాగితపు గిన్నెలో రెండు వేలికణుపుల పొడవున, తిన్నగా, శుభ్రంగా కోత పడింది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడినీ గుడ్డ మీద కత్తెర వదిలినందుకు చెడామడా తిట్టిన మనిషి ఆయన.

కత్తెర తీసి గోడ మేకుకు తగిలించాడు. పెట్టెను నిలబెట్టాడు. ఎందుకో తెలియదు, దాని ముఖం గోడ వైపు తిప్పాడు.

కూతురు జుట్టు తుడుచుకుంటూ వచ్చి, పెట్టెను ఇటు తిప్పి ఫోను తగిలించింది. పాట మొదలైంది. దరువు పడినప్పుడల్లా బుర్రు, బుర్రు మంటూ ఏదో కొట్టుకుంది.

"ఏంటా గోల? తుమ్మెదను డబ్బాలో పెట్టి మూతేసినట్టు" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఇదేంటి నాన్నా, చిరిగింది" అంది కూతురు వంగి చూస్తూ.

ఆ క్షణంలో ఆయన నిజం చెప్పేవాడే. "నా చేతిలోంచి జారిందమ్మా" అంటే సరిపోయేది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"తెచ్చేటప్పుడు చూసుకున్నావా?"

అది అబద్ధం కాదు, ప్రశ్న. ప్రశ్నేగా అని తనకు తాను చెప్పుకున్నాడు కూడా. కూతురు మాత్రం దాన్ని జవాబుగానే తీసుకుంది. చిరుగు సంగతి ఆయనకు తెలియనిదా?

"లేదు నాన్నా, చూసుకోలేదు" అంది ముఖం వాడిపోయి. "ఆ స్టోరు గదిలో అన్నీ ఒకదాని మీద ఒకటి ఎత్తి పెడుతుంది ఆయమ్మ. ఏ కుర్చీ కాలో తగిలుంటుంది."

"అదే అయ్యుంటుంది" అన్నాడు టైలరు. ఇప్పుడది ప్రశ్న కాదు.

"కొత్తది కొనాలంటే మాటలా. నేనేం చెప్పను పెద్దమేడానికి?"

"కొనడం ఎందుకు? ఎంతైనా కాగితమేగా. నేను బాగు చేస్తాలే" అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే, ఆయనకే తానేదో ఉపకారం చేస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున్నే మరలు విప్పి స్పీకరును పెట్టెలోంచి బయటికి తీశాడు. చిరుగు కనబడితే ఆయన చేతులకు తెలిసింది ఒకటే. తన దగ్గరున్న వాటిలో అతి సన్నటి సూది తీశాడు. నల్లటి పట్టు దారం ఎక్కించాడు. ఖరీదైన కోట్లకు కన్నం పడితే పోగు పోగు అల్లి రఫు చేసినట్టు, ఆ కోత అంచులు రెండూ కలిపి, చీమ నడిచినంత మేర ఒక్కొక్క కుట్టు వేసుకుంటూ పోయాడు. చివర్లో దారం బిగించి ముడేశాడు. వేలితో నిమిరితే తప్ప చిరుగు తెలియలేదు.

భార్య టీ గ్లాసుతో వచ్చి చూసింది. "ఆహా. కట్టుకున్న పెళ్ళాం జాకెట్టుకి ఏనాడైనా ఇంత సన్నగా కుట్టారా?"

"నీ జాకెట్టు పాటలు పాడదుగా."

"పాడితే మీ గురించే పాడేది, వీధంతా వినేట్టు."

ఇద్దరూ నవ్వారు. ఆ వారంలో ఆయన మనస్ఫూర్తిగా నవ్వింది అదొక్కసారే.

సాయంత్రం బిగించి పాట పెడితే బుర్రుమనడం పోయింది. దాని బదులు గరగరమంటూ, నోట్లో ఇసుక పోసుకుని పాడుతున్నట్టు మరో చప్పుడు మొదలైంది. దరువు ఉన్నా లేకపోయినా అదే గరగర.

"ముందే నయం నాన్నా" అంది కూతురు. తిట్టినట్టు కూడా అనలేదు. అది ఇంకా బాధించింది.

సోమవారం సాయంత్రం ఆమె బడి నుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది. చెప్పులు విప్పుతూనే చెప్పింది. స్పీకరు చిరిగిన సంగతి దాచడం మంచిది కాదని పొద్దున్నే పెద్దమేడానికి చెప్పేసిందట. "తెచ్చేటప్పటికే చిరిగుంది మేడం, మా నాన్న చూశారు" అందట. పెద్దమేడం వెంటనే ఆయమ్మను పిలిచారు. స్టోరు గది తాళాలు పన్నెండేళ్ళుగా ఆయమ్మ దగ్గరే ఉంటాయి. ఆ గుత్తి ఎప్పుడూ ఆమె నడుము దగ్గర దోపుకునే ఉంటుంది, నడిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడు వినగానే పిల్లలు ఏడుపు కూడా ఆపుతారు, బొమ్మలు వస్తాయని.

"తాళాలు అడిగి తీసేసుకున్నారు నాన్నా. గుమాస్తా ముందు, పెద్ద టీచరు ముందు, నా ముందు. ప్రస్తుతానికి గుమాస్తా దగ్గర ఉంచుతామన్నారు. ఆయమ్మ నడుము దగ్గర్నించి తీసి బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది."

టైలరు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"ఒంట్లో బాలేదా?" అని భార్య అడిగింది.

"మధ్యాహ్నం ఎక్కువ తిన్నాలే."

"ఎప్పుడు? నేనే పెట్టాగా, సగం వదిలేశారు."

నీళ్ళు తాగి లేచాడు. అబద్ధాలు ఇంత చిన్నచిన్నవి కూడా ఉంటాయని, ఒకటి మొదలుపెడితే ఇవన్నీ దాని వెనకే వచ్చి కూర్చుంటాయని ఆయనకు అంతకుముందు తెలియదు. చెప్పేయాలని ఉంది. చెబితే కూతురి మాట పోతుంది, చేరి నెలైనా కాకముందే అబద్ధాలకోరు అనిపించుకుంటుంది. ఆ పిల్ల కోసమే నోరు మూసుకున్నానని అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఆ మాట ఒంటికి సరిపోలేదు, చంకలో పట్టేసిన చొక్కాలా బిర్రుగా ఉంది.

మంగళవారం స్పీకరును గోనెసంచిలో పెట్టుకుని రేడియో తాత దగ్గరికి వెళ్ళాడు. వీధి మొగలో మెట్ల కింద తాత కొట్టు. పాత రేడియోలు, టీవీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో మనిషి పట్టేంత సందు. తాత కళ్ళజోడు పైకెత్తి స్పీకరును చూశాడు. దించి మళ్ళీ చూశాడు.

"దీన్ని ఎవరు కుట్టారయ్యా?"

"నేనే."

తాత పక్క కొట్టు వైపు తల పెట్టి కేకేశాడు. "ఏమయ్యోయ్, ఇలా వచ్చి చూడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు. స్పీకరుకు రఫు చేశాడు." పక్క కొట్టాయన వచ్చి వేలితో నిమిరి, "బాబాయ్, రెండు కాజాలు, రెండు గుండీలు కూడా పెట్టాల్సింది. చలికాలం వేసుకునేది" అన్నాడు. టైలరు తల వంచుకుని నవ్వులు అయ్యేదాకా ఆగాడు. ఈ నవ్వులు తనకు తగినవేనని అనిపించింది. ఇంకాస్త నవ్వినా బాగుండేది.

నవ్వడం అయ్యాక తాత నెమ్మదిగా చెప్పాడు. "ఇటు చూడు. ఈ కాగితం గిన్నె అడుగున తీగచుట్ట ఉంటుంది. అది అయస్కాంతం మధ్య వెంట్రుక వాసి సందులో పైకీ కిందకీ ఆడాలి. నువ్వు దారం బిగించి ముడేశావు. గిన్నె ఒక పక్కకు లాక్కుంది. తీగ గోడకు రాసుకుంటోంది. ఆ గరగర అదే." ఆయన టైలరు వేళ్ళు పట్టుకుని గిన్నె చుట్టూ ఆనించి మెల్లగా నొక్కించాడు. లోపల సన్నగా గీసుకున్న చప్పుడు చేతికే తెలిసింది. "బట్టకు బిగువు కావాలి. దీనికి బిగువు పనికిరాదు."

"మార్చాలంటే?"

"మార్చేదానికంటే కొత్తది నయం. నా దగ్గర పెట్టి డబ్బు తగలేయకు. ఇంటికెళ్ళి నువ్వే చేసుకో. కుట్లన్నీ విప్పెయ్. అంచులు పక్కపక్కన ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తెల్ల జిగురులో కాసిని నీళ్ళు కలుపు. బాగా పల్చటి కాగితం ముక్క వెనక వైపు అంటించు. ఒక రోజు ఆరనియ్. తర్వాత ముందు వైపు ఇంకోటి. సూది కన్నాలు కూడా జిగురుతో పూడ్చు. కాగితాన్ని కత్తెరతో కోయకు సుమా, చేత్తో చింపు. చింపిన అంచైతే పీచులు లేచి కలిసిపోతుంది, కోసిన అంచు గట్టులా నిలబడుతుంది." సంచిలో పెడుతూ అడిగాడు. "ఇంతకీ ఎలా చిరిగింది?"

"స్కూల్లో... అక్కడే ఎక్కడో తగిలింది" అన్నాడు టైలరు.

తాత ఏమీ అనుకోలేదు. ఎవరూ నిలదీయలేదు, ఎవరినీ కాపాడాల్సిన పనీ లేదు. అయినా ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఇంటికొచ్చేదాకా ఆయన ఆ సంగతే తలుచుకుని సిగ్గుపడ్డాడు.

కుట్లు విప్పడం టైలర్లకు ఇష్టముండదు. తను వేసిన కుట్లు తనే విప్పుకోవడం మరీ చిరాకు. ఒక్కొక్కటీ సూది మొనతో ఎత్తి తెంచాడు. గిన్నె కాస్త కదిలి తన చోటికి వచ్చినట్టయింది. వేళ్ళు ఆనించి నొక్కితే గీసుకోవడం లేదు. కానీ కోతకు అటూ ఇటూ వరసగా చుక్కల్లా సూది కన్నాలు మిగిలాయి. పట్టుబట్టలు మడతపెట్టేటప్పుడు మధ్యలో పెట్టే పల్చటి కాగితాన్ని చేత్తో చింపి, వెనక వైపు జిగురుతో అంటించాడు. కాగితం చింపడం ఆయన చేతికి అలవాటు లేని పని. నాలుగు ముక్కలు పాడయ్యాక ఐదోది కుదిరింది. స్పీకరును కిటికీ దగ్గర బల్ల మీద ఆరబెట్టాడు.

బుధవారం సాయంత్రం గుమ్మంలో ఎవరో దగ్గారు. చూస్తే ఆయమ్మ. రెండు వీధుల అవతల ఉంటుంది. యాభై దాటిన మనిషి. నడుము దగ్గర తాళాలు లేవు. ఆ చోట చీర ముడతలు పడి ఉంది, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

"బాగున్నావా అన్నా?"

"రామ్మా, కూర్చో." ఆయన స్టూలు జరిపాడు. స్టూలు బల్ల కాలికి తగిలింది.

"కూర్చోనులే అన్నా. ఒక్కమాట అడిగిపోదామని. ఆ స్పీకరు నీ దగ్గరే ఉందంట కదా. ఒకసారి చూడొచ్చా?"

కిటికీ వైపు చూపించాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా వంగి చూసింది.

"నేను తగిలించానేమోనని చాలా ఆలోచించానన్నా. పక్కనే కుర్చీలున్న మాట నిజమే. కానీ నేను దాని ముఖం ఎప్పుడూ గోడ వైపు తిప్పి, పైన దుప్పటి కప్పి పెడతాను. పన్నెండేళ్ళలో ఒక బంతి పోలేదు, ఒక పలక పగల్లేదు. మొన్నటి నుంచి నిద్ర లేదు. నేను పొరపాటున చేసి మరిచిపోయానా, వయసు మీద పడుతోందా అని." గొంతు తగ్గించింది. "నువ్వు ఏ చిరుగైనా చూసి చెప్పేస్తావంటారు. దీన్ని చూసి చెప్పన్నా. కుర్చీ కాలా, మేకా, ఏంటిది?"

ఆయన జవాబిచ్చేలోపే ఆమె ఇంకా వంగింది.

"ఈ చిన్న చిన్న కన్నాలేంటన్నా, వరసగా, రెండు పక్కలా? పళ్ళ గాట్లలా ఉన్నాయి." తలెత్తింది. కళ్ళు వెలిగాయి. "ఎలుకా?"

తన సూది కన్నాలు. తన చేత్తో, అంత శ్రద్ధగా, సమానమైన ఎడంతో వేసినవి. వాటిని చూసి ఆ మనిషి ముఖంలో వెలుగొచ్చింది. ఆ వెలుగును ఆర్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఎలుకైతే ఎవరి తప్పూ కాదు కదా, ఆయమ్మదీ కాదు, తనదీ కాదు. మూడు రోజులుగా వెతుకుతున్న దారి ఆమే తెచ్చి చేతిలో పెట్టినట్టనిపించింది.

"ఊఁ" అన్నాడు. "ఎలుకే."

"అనుకున్నానన్నా, అనుకున్నాను" అని ఆయమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నీ మాట మేడానికి చెబుతాను. టైలరన్న చూసి చెప్పాడంటే ఎవరు కాదంటారు? నీ మేలు మరిచిపోను."

ఆమె వెళ్ళాక టైలరు మిషను ముందు కూర్చున్నాడు. దారం మూడుసార్లు తెగింది. ముందు వైపు అంటించాల్సిన కాగితం అలాగే ఉండిపోయింది, దాని వైపు చూడబుద్ధి కాలేదు. నీ మేలు మరిచిపోను. ఎవరైనా చెంప మీద కొట్టినా ఇంత చురుక్కుమనేది కాదు.

గురువారం కూతురు ఆలస్యంగా వచ్చింది. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఎలుక కొరికిందని మీరు ఆయమ్మతో చెప్పారా?"

"చూడ్డానికి అలాగే ఉంది మరి" అని నీళ్ళు నమిలాడు.

"ఆవిడ వెళ్ళి మేడానికి చెప్పింది. టైలరన్న చెప్పాడు, ఎలుకేనంట, నా తప్పు కాదు మేడం అని. మేడం ఇంకా మండిపడ్డారు. పసిపిల్లలు పడుకునే చాపలుండే గదిలో ఎలుకలు తిరుగుతుంటే చూసుకోకుండా ఏం చేస్తున్నావు అన్నారు. రేపు పిల్లల తల్లిదండ్రులకు తెలిస్తే బడి ఉంటుందా అన్నారు. ఈ నెలాఖరు దాకా చూసుకుని మానెయ్యమన్నారు." ఆమె చేతి సంచి ఇంకా దించలేదు. "మధ్యాహ్నమంతా ఆయమ్మ స్టోరు గదిలో చాపలన్నీ బయటికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని కన్నాలు వెతుకుతోంది. ఒక్కటీ దొరకలేదు. ఎక్కడో ఉండే ఉంటుంది టీచర్, నేనే చూడలేకపోతున్నాను అంటోంది."

వంటింట్లోంచి భార్య తొంగి చూసి, ఇద్దరి ముఖాలూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు సంచి దించి కిటికీ దగ్గరికి నడిచింది. స్పీకరును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, అచ్చం తండ్రి పట్టుకున్నట్టే. చిన్నప్పటి నుంచి ఆ బల్ల కింద గుడ్డ పీలికలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. కోత మీద వేలు నడిపింది. కన్నాల మీద నడిపింది.

"ఎలుక ఇంత తిన్నగా కొరుకుతుందా నాన్నా?"

"ఎలుకను అడగాలి" అన్నాడు. సరదాగా అనబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె స్పీకరును ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆయన ముందు వైపు కాగితం అంటించాడు. కన్నాలు ఒక్కొక్కటీ జిగురుతో పూడ్చాడు. ఆరాక పైన నల్లసిరా పల్చగా పూశాడు. పని చేస్తున్నంతసేపూ ఎదుట ఆయమ్మే కనిపించింది. చాపల మధ్య మోకాళ్ళ మీద, లేని ఎలుకను వెతుకుతూ.

శుక్రవారం పొద్దున కూతురు స్పీకరును పట్టుకెళ్ళాలి. మర్నాడే పిల్లల గెంతులు. ఆయన దాన్ని పెట్టెలో బిగించి, పాట పెట్టి చూశాడు. గరగర లేదు, బుర్రుమనడం లేదు. శుభ్రంగా పాడింది. చెబుదామని చూస్తే కూతురు లేదు. ఎప్పుడో వెళ్ళిపోయిందని భార్య చెప్పింది. వెళ్ళొస్తానన్న మాట కూడా చెప్పకుండా, స్పీకరు వైపు కూడా చూడకుండా.

ఆయన చొక్కా మార్చుకుని పెట్టెను చంకనెత్తుకున్నాడు.

"మీరెక్కడికి? నడుము నొప్పన్నారు" అంది భార్య.

"స్కూలుకి."

"సాయంత్రం అదే వచ్చి తీసుకెళ్తుందిగా."

"ఇది నేనే ఇవ్వాలి."

భార్య ఆయన ముఖం వైపు కాసేపు చూసింది. "కాలరు సరిచేసుకోండి" అని మాత్రం అంది.

బడి ఆవరణలో ఆయమ్మ పిల్లల చెప్పులు వరసగా సర్దుతోంది. ఆయన్ను చూసి ఎదురొచ్చింది. "నువ్వే మోసుకొచ్చావా అన్నా? ఇటివ్వు."

ఆయన ఇవ్వలేదు. దించి నేల మీద పెట్టాడు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"ఎలుక కాదమ్మా" అన్నాడు. "నా కత్తెర. మా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా చేతుల్లో జరిగింది. ఆ కన్నాలు నా సూదివి."

ఆయమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కోపం రాలేదు. చేతిలో ఉన్న బుల్లి చెప్పుల జత వైపు చూసింది, వాటిని వరసలో పెట్టింది.

"నిన్న చీకటి పడేదాకా వెతికానన్నా" అంది. "గోడలు తడిమి తడిమి చూశాను. కన్నం దొరక్కపోతే నా కళ్ళే పోయాయనుకున్నాను. రాత్రి మా అబ్బాయితో కూడా అన్నాను, నేనిక పనికిరానురా అని." ఆయన ముఖంలోకి చూసి, "నిన్ను అడగడానికి వచ్చాను కదన్నా. నీ ఇంటికే వచ్చాను" అంది.

తిడితే ఆయన నిలబడి వినేవాడు. ఆమె తిట్టలేదు. పెట్టెకు ఒక పక్క తనే చెయ్యి వేసి, "పద, మేడం దగ్గరికి" అంది.

పెద్దమేడం అంతా విని నుదురు రుద్దుకున్నారు. "ఎక్కడ చిరిగింది?" అని వంగి చూశారు. కనబడలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి టైలరే వేలు పెట్టి ఆ చోటు చూపించాల్సి వచ్చింది. అంత బాగా కలిసిపోయింది. జీవితంలో ఏ పని బాగా కుదిరినా ఆయనకు ఇంత సిగ్గు వేయలేదు.

"సరేలెండి. ఇప్పటికైనా చెప్పారు" అని పెద్దమేడం సొరుగు లాగి, గుమాస్తా రోజూ అప్పగించి వెళ్ళే తాళాలగుత్తి తీశారు. ఆయమ్మ వైపు చూడకుండానే, "ఇదిగో. మానెయ్యమన్న మాట మరిచిపో" అన్నారు.

ఆయమ్మ చెయ్యి చాపలేదు.

"తీసుకుంటాను మేడం. మీరు నా దగ్గర తీసేసుకున్నప్పుడు గుమాస్తాగారున్నారు, పెద్ద టీచరున్నారు, కొత్త టీచరున్నారు. వాళ్ళకీ తెలియాలి."

"నేను చెబుతాలే."

"అన్న చెబుతాడు" అంది ఆయమ్మ మెల్లగా. "ఎలుకేనని చెప్పింది అన్నేగా."

గుమాస్తా గదిలో చెప్పాడు. "ఆ స్పీకరు చిరగడానికి కారణం నేనండీ. ఆయమ్మ తప్పేమీ లేదు." గుమాస్తా రాస్తున్నది ఆపి, మనిషిని కిందినుంచి పైదాకా చూసి, "అలాగా" అన్నాడు. పెద్ద టీచరు గది గుమ్మంలో నిలబడి మళ్ళీ చెప్పాడు. ఆవిడ కిందటేడు ఆయన చేత జాకెట్లు నాలుగు కుట్టించుకున్నారు. "మీరా బాబాయిగారూ?" అన్నారు. రెండోసారి చెబితే తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. మొదటిసారి కంటే బరువైంది.

వరండా చివరి గది ముందు ఆయమ్మ ఆగింది. లోపల పిల్లలు ఒకటి రెండు మూడు అంటూ చేతులెత్తుతున్నారు. కూతురి గొంతు వినిపిస్తోంది.

"ఇక్కడ వద్దులే అన్నా" అంది ఆయమ్మ. "పిల్లలున్నారు. ఇంట్లో చెప్పుకో."

ఆ మాటకు ఆయన కాళ్ళు వెనక్కి తిరగడానికి సిద్ధమయ్యాయి. నిజానికి ఒక అడుగు వేశాడు కూడా. అంతలో కూతురే వాళ్ళను చూసి గుమ్మంలోకి వచ్చింది. ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని వెనకే ఒక చిన్నపిల్ల, ముక్కు కారుతూ.

"టీచర్, ఈ తాత ఎవరు?" అంది ఆ పిల్ల.

"మా నాన్న" అంది కూతురు.

టైలరు చూపు గడప మీదే ఉంది. "నా కత్తెరే తగిలిందమ్మా" అన్నాడు. "శనివారమే. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. నీ చేత కూడా అబద్ధం చెప్పించాను."

పిల్లలు గదిలో నాలుగు దగ్గర ఆగిపోయి, ఐదు ఎవరు చెబుతారా అని ఎదురుచూస్తున్నారు.

"నాకు నిన్న సాయంత్రమే తెలుసు నాన్నా" అంది. "అవి సూది కన్నాలని చెయ్యి పెట్టగానే తెలిసింది. మీరే చెబుతారేమోనని..." అంటూ తండ్రి వెనకున్న ఆయమ్మను చూసి మాట మింగేసింది. చెవులు ఎర్రబడ్డాయి. "పొద్దున గేటు దగ్గర మీరు పలకరించారు ఆయమ్మా. నేను విననట్టు వచ్చేశాను. నిజం తెలిసి కూడా చెప్పకుండా వచ్చేశాను."

ఆయమ్మ తండ్రి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. ఒకే రకంగా వంగిన రెండు తలలు. వంగి ఆ చిన్నపిల్ల ముక్కును కొంగుతో తుడిచింది.

"రావే బంగారం, ముఖం కడుగుదాం. కడుక్కుని, మేడం దగ్గర తాళాలు తెచ్చుకుని బొమ్మలు తీద్దాం" అని పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలో నడిచి వెళ్ళిపోయింది.

తండ్రీ కూతురూ గడపకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ముందు ఎవరు తలెత్తాలో ఇద్దరికీ తెలియలేదు.